చీర కట్టిన హీరో, చీర కట్టిన కమెడియన్

2022 జనవరిలో సూరత్ బట్టల వ్యాపారి ఒకాయన ‘పుష్ప’ సినిమా పోస్టర్లను చీరల మీద అచ్చువేయించాడు. సినిమా వచ్చి అప్పటికి నెల తిరిగిందంతే. అల్లు అర్జున్, రష్మికల బొమ్మలతో నిండిన ఆ చీరల ఫొటోలు దేశమంతా తిరిగాయి. మూడేళ్లు నిండకముందే, 2024 డిసెంబరు 5న వచ్చిన రెండో భాగంలో ఆ హీరోయే చీర కట్టాడు. తిరుపతి గంగమ్మ జాతర వేషంలో మెడనిండా దండలతో, కాళ్లకు గజ్జెలతో ఆడాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఈలలు వేశారు.

సూరత్‌లోని లింబాయత్ వాడల్లో నల్గొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో మామకూ మేనకోడలికీ మధ్య జరిగిన వాదన ఇది. మామ నలభై ఏళ్లు సాంచాల మీద బతికిన మనిషి, కుర్రతనంలో నాటకాలాడినవాడు. మేనకోడలు తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెబుతుంది. మార్కండేయ జయంతికి పిల్లలతో వేయించాలని మామ ఒక హాస్య స్కిట్ రాశాడు. అందులో ఒక పాత్రను ఆమె కొట్టేసింది.

మామ: ఏం కోడలా, నేను రాసినదాంట్ల పేజీకి పేజీ కొట్టేసినవట? పోరగాళ్లు వచ్చి చెప్పిన్రు.

మేనకోడలు: పేజీ కాదు మామా, ఒక్క పాత్ర. నడుం తిప్పుకుంట కార్ఖానకు పనికోసం వస్తడే, వాణ్ని చూసి మేస్త్రీ, అదే జాబర్, భయపడి నూలు బీముల వెనక దాక్కుంటడే, ఆ పాత్ర.

మామ: నవ్వొచ్చే జాగనే గది! రిహార్సల్ల పిల్లలందరు పడి పడి నవ్విన్రు.

మేనకోడలు: ఒకడు నవ్వలే. ఏడో తరగతి పిల్లగాడు. గొంతు సన్నగుంటది, నడక మెత్తగుంటది. క్లాసుల వాడు లేచి నిలబడితే వెనక బెంచీల నుంచి సినిమాల వచ్చే ఆ మ్యూజిక్ నోటితోని కొడతరు. హీరో పక్కన అట్లాంటి పాత్ర రాంగనే వేస్తరు చూడు, ఆ మ్యూజిక్. ఇప్పుడు హాజరు పిలిస్తే వాడు ముందు గుటక మింగుతడు, గొంతు సవరించుకుంటడు, బరువు చేసుకొని ‘ఎస్ టీచర్’ అంటడు. రెండు మాటలకు అంత తయారైతడు. రోజూ పొద్దున చూస్తున్న.

మామ: పిల్లలన్నంక ఎక్కిరించుకోరా? పొట్టోడని, బట్టతలోడని, నత్తోడని మేము అనుకోలే? ‘అహ నా పెళ్లంట’ల కోట శ్రీనివాసరావు పిసినారితనం చూసి ముప్పై ఏండ్లకు పైనే నవ్వుతున్నం. పిసినారోళ్లంత సంఘం పెట్టి కొట్లాటకు వచ్చిన్రా? కామెడీ అంటే ఎవరో ఒకరి మీదనే ఉంటది బిడ్డా. అందర్ని తీసేస్తే మిగిలేది ఉపన్యాసమే.

మేనకోడలు: పిసినారితనం మానుకోవచ్చు మామా. మానుకోమనే ఆ సినిమా నవ్విస్తది. ఈ పిల్లగాడు ఏం మానుకోవాలె? గొంతా?

మామ ఈ ప్రశ్నకు నేరుగా బదులివ్వలేదు. ఆయన దగ్గర అంతకంటే బలమైన వాదన ఉంది. అది ఆయన ఒంటికి సంబంధించినది కూడా.

మామ: నేను ‘చింతామణి’ నాటకంల చింతామణి వేషం కట్టిన మనిషిని. మీసం గీయించుకొని, బట్టలు ఉండజుట్టి రైకెల పెట్టుకొని, మా అమ్మ పెండ్లి చీర కట్టుకొని స్టేజీ ఎక్కిన. అద్దంల చూసుకొని నేనే నమ్మకపోదు. పొద్దునలేసి అదే ఊర్ల మగ్గం గుంటల కూసున్న. ఎవడన్న నన్ను తక్కువ చేసిండా? స్థానం నరసింహారావుగారు సత్యభామ వేసిండు, రోషనార వేసిండు. 1956ల పద్మశ్రీ ఇచ్చిన్రు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మగారికి ఆడవేషాల మీదనే 1970ల పద్మశ్రీ వచ్చింది. మన ఒగ్గు కథల, చిందు భాగోతంల మొగోళ్లు చీర కడతలేరా? మన సంస్కృతిల ఉన్నదాన్నే నేను రాసిన. నువ్వేమో తప్పు అంటున్నవ్.

మేనకోడలు: నువ్వు చెప్పినోళ్లందరి పేర్లు నేనే చెప్దామనుకున్న. గుజరాతీల జయశంకర్ ‘సుందరి’ని కలుపు. ఆడపాత్ర పేరే ఆయన ఇంటిపేరు లెక్క అయింది. 1971ల పద్మభూషణ్. సరే, భామాకలాపంల సత్యభామ ఎట్ల వస్తది? తెర అడ్డం పట్టుకుంటరు, ఆమె మొఖం కనబడదు. తెర మీదికెళ్లి జడ ఇవతలికి వేస్తది. నాతోని పోటీకి వచ్చెటోళ్లు ఎవరన్న ఉన్నరా అని సవాలు. జడ వేసింది మొగాయన అని సభల అందరికి ఎరుకే. ఎవరన్న నవ్విన్రా?

మామ: నవ్వుడేంది, చేతులెత్తి మొక్కుతరు.

మేనకోడలు: మరి నీ స్కిట్ల వచ్చెటోనికి ఎవరు మొక్కుతరు? స్థానంవారు ఆడమనిషి మనసు లోపలికి పోయి వేషం కట్టిండు. నీ పాత్రకు మనసే లేదు. పేరు కూడ పెట్టలేదు నువ్వు, ‘తేడాగాడు’ అని రాసినవ్. రెండింటికి చీర ఒక్కటే కావచ్చు. లోపలున్న మనిషి విషయంల మీ ఇద్దరి తీరు వేరే.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. చాలామంది తెలుగువాళ్లకు ఇది తెలియదు. కోస్తాలో రంగస్థలం మీద ఆడవేషాలకు బ్రహ్మరథం పట్టిన కాలంలోనే, 1919లో, నిజాం రాజ్యంలో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ల పేర్లను రిజిస్టరులో రాసుకోవాలి. ఆడబట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, ఆడిపాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లు తమ లింగ గుర్తింపును తామే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన 2014 తర్వాత కూడా తొమ్మిదేళ్లు అది పుస్తకాల్లోనే ఉంది. స్టేజీ మీద చీర కడితే పద్మశ్రీ, వీధిలో కడితే అరెస్టు. ఇవాళ వెండితెర మీద హీరో కడితే ఈల, కమెడియన్ కడితే వెకిలి నవ్వు. ఈ రెండో తేడాకు మూలం ఆ మొదటి దాంట్లోనే ఉందని నా అభిప్రాయం. నటించినంత సేపూ మెచ్చుకుంటాం. అదే ఒకరి బతుకైతే మాత్రం ఓర్వలేం.

మామ: సరే. హీరో చీర కడితే ఈల కొట్టిన్రు గదా? జనం మారినట్టే గదా? ఇంకేం కావాలె?

మేనకోడలు: ఆ సీన్ల ఆయన చీర కట్టి ఏం చేస్తడు? అమ్మవారి పూనకం, ఆ వెంటనే మనుషులను ఎత్తి విసిరికొట్టుడు. చీర కట్టినా నేను మొగోణ్నే అని దెబ్బదెబ్బకు చూపెడతడు. గంగమ్మ జాతరల మొగోళ్లు ఆడవేషం కట్టుడు నిజమైన మొక్కు, దాన్ని నేను కాదంటలేను. దేవత పేరు మీద కడితే సరే, రౌడీలను కొడితే సరే. ఊరికె ఇష్టమై కట్టుకునెటోడు కనబడంగనే మ్యూజిక్ మారిపోతది. ఈ రెండింటి నడిమిట్ల బతికే మనిషిని మన సినిమా చూపిస్తలేదు.

మామ: ‘చిత్రం భళారే విచిత్రం’ల నరేష్ చూపించలేదా? ‘మేడమ్’ల రాజేంద్రప్రసాద్? కమల్‌హాసన్ ‘భామనే సత్యభామనే’? అవి కూడ తీసేద్దామా?

మేనకోడలు: అవి తీసేయమని ఎవరన్నరు? నాకు పాణం అవి. ‘చిత్రం భళారే విచిత్రం’ పెండ్లికాని పోరగాళ్లకు ఇల్లు కిరాయికి దొరకక ఆడవేషం కట్టే కథ. మరాఠీ ‘అశీ హీ బన్వా బన్వీ’ దానికి అక్క. మన గల్లీల ఖాందేశ్ వాళ్లింట్ల ఆ సినిమా ఎన్నిసార్లు పెడతరో నీకెరుకే. అండ్ల నవ్వు ఎవరి మీద? పెండ్లయితేనే ఇల్లిస్తనన్న ఓనరు మీద. ‘భామనే సత్యభామనే’ల నవ్వు ఎవరి మీద? చీర కనబడంగనే వెంటబడే ముసలి మామగారి మీద, ఇంటి ఓనరు మీద. కట్టిన కమల్ కంటే, చూసి చొంగ కార్చినోళ్లే మనకు నవ్వొస్తరు. 1996 నుంచి ఆ సినిమా చూస్తున్నం, ఎవరి మనసన్న కష్టపడ్డదా?

మామ కాసేపు ఆలోచించాడు. నాటకాలాడిన మనిషి కాబట్టి ఈ తేడా ఆయనకు చప్పున అందింది. కానీ వదల్లేదు.

మామ: ఇగో, నీతోని వచ్చిన కష్టం ఇదే. ఇయ్యాల పాత్ర అంటవ్, రేపు నాటకమే వద్దంటరు. చింతామణిని ఏం చేసిన్రో చూడలే? కాళ్లకూరి నారాయణరావుగారు రాసిన నాటకం. వందేండ్ల నుంచి ఆడుతున్నరు. సుబ్బిశెట్టి పాత్రతోని మా కులం మనసు నొచ్చుకున్నదని ఆ కులం సంఘమోళ్లు అంటే 2022 జనవరిల ఆంధ్రల గవర్నమెంటే బంద్ పెట్టింది. ఆ నాటకం మీద బతికెటోళ్ల నోటికాడి బువ్వ పోయింది. నేను ఎంత బాధపడ్డనో నీకెరుకే.

మేనకోడలు: బంద్ పెట్టుడు తప్పే. నాకు బంద్‌లు వద్దు, సెన్సారు వద్దు. కానీ అండ్ల నుంచి ఒక ముచ్చట నేర్చుకో. సుబ్బిశెట్టికి సంఘం ఉన్నది, ఆ సంఘానికి బలం ఉన్నది, అందుకే జీవో వచ్చింది. 2012ల ‘దేనికైనా రెడీ’ మీద బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కినయి. 2015ల శంకర్ ‘ఐ’ సినిమాల మేకప్ చేసే ట్రాన్స్ మనిషిని అసహ్యంగ చూపెట్టిన్రని చెన్నైల ట్రాన్స్‌జెండర్లు కూడ రోడ్డెక్కిన్రు. తెలుగుల మనం ఆ సీన్లన్ని అట్లనే చూసినం. అడిగే బలం లేనోళ్ల మీదనే జోకులు మిగిలినయి. నేను రాసేటోన్ని అడుగుతున్న మామా, గవర్నమెంటును కాదు. నిన్ను అడుగుతున్న.

మామ: పన్నెండు గంటల షిఫ్టు కొట్టి వస్తడు మనిషి. చెవులు గింగుర్లు తిరుగుతుంటయి. ఫోన్‌ల పది నిమిషాల జబర్దస్త్ చూసి నవ్వుకొని పండుకుంటడు. వానికి నీ న్యాయం ఎందుకు?

ఈ మాట తేలిగ్గా తీసేయాల్సింది కాదు. సాంచాల మోతలో పన్నెండు గంటలు నిలబడటం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ ఆ పది నిమిషాల నవ్వును కాదనరు. అయితే ఆ మనిషి పండుకునే గది సంగతి కూడా చూడాలి. సూరత్‌లో సాంచాలు నడిపే వాళ్లలో ఒడిశా గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒంటరి మగవాళ్లు చాలామంది. పగటి షిఫ్టు వాళ్లు లేచిన చాపల మీద రాత్రి షిఫ్టు వాళ్లు పడుకుంటారు. ఇల్లాలూ పిల్లలూ ఎక్కడో ఊళ్లో. జ్వరం వస్తే తడిగుడ్డ వేసేది పక్కన పడుకున్న మగవాడే. ఏడిస్తే భుజం పట్టుకునేదీ అతనే. మన హాస్యం ఏళ్లుగా ఏం నేర్పింది? ఇద్దరు మగవాళ్లు ఒకే మంచం మీద కనిపిస్తే అది జోకు. ఒకడు ఇంకొకడి చెయ్యి పట్టుకుంటే మూడోవాడు అపార్థం చేసుకుని కళ్లు తేలేయడం జోకు. ఇలాంటి సీన్లు నూరు చూసిన కుర్రవాడు స్నేహితుడి భుజం మీద చెయ్యి వేయడానికి వెనకాడతాడు. మగవాణ్ని ప్రేమించే మగవాడికి ఆ జోకు ఎంత బాధో చెప్పక్కర్లేదు. అలాంటి కోరికేమీ లేని వాడికి కూడా అది ఒక ఆసరాను దూరం చేస్తుంది. ఇంటికి దూరంగా బతికే మగవాళ్ల ఊరు ఇది. ఆ ఆసరా అవసరం ఇక్కడే ఎక్కువ.

మేనకోడలు: మామా, జబర్దస్త్ అన్నవు కాబట్టి చెప్త. 2013 నుంచి ఆ షోల మొగోళ్లు లేడీ గెటప్పులు వేస్తున్నరు. ఎందరికో బువ్వ పెట్టింది, కాదన. అండ్ల వేషాలు వేసిన ప్రియాంక సింగ్ తను ట్రాన్స్ మహిళనని నలుగురికి చెప్పింది. 2021ల బిగ్ బాస్ ఐదో సీజన్ల తన పేరుతోనే, తన చీరతోనే కూసున్నది. ఇంటింట్ల ఆడోళ్లు ఆమెకోసం ఓట్లేసిన్రు. అంతకు ముందు 2019ల తమన్నా సింహాద్రి వచ్చింది. నవ్వించిన్రు, ఏడిపించిన్రు, అలిగిన్రు, వంట చేసిన్రు. మనుషులను మనుషుల లెక్క చూపెడితే మనోళ్లు టీవీ బంద్ చేయలే. రాసెటోళ్లకే ధైర్యం లేదు, చూసెటోళ్లకు ఉన్నది.

మామ: అది రియాలిటీ షో. కామెడీల పెడితే ఆడతదా? నాని ‘అంటే సుందరానికీ’ ఏమైంది? మంచిగనే తీసిన్రు. ఆడిందా?

మేనకోడలు: అనుకున్నంత ఆడలే. ఒప్పుకుంట. కానీ ఆ కథ ధైర్యం చూడు. 2022ల ఒక పేరున్న తెలుగు హీరో, పెండ్లి ఒప్పించుకుందానికి, నాకు పిల్లలు పుట్టరు అని ఇంట్ల అబద్ధం చెప్తడు. లోపం నాలోనే అని మొగోడు అనుడే మన కథలల్ల అరుదు. మన వాడల పిల్లలు కాకపోతే దవాఖానకు ఎవరిని తోలుకపోతరు? కోడలినే. పరీక్షలు కోడలికే, మొక్కులు కోడలికే. కొడుకును ఒకసారి చూపియ్యుండ్రి అని డాక్టరంటే అత్త మొఖం మాడిపోతది. అసలు కామెడీ అక్కడున్నది మామా. మొగతనం పేరు మీద ఇండ్లల్ల జరిగే ఈ దాగుడుమూతలు రాస్తే కడుపుబ్బ నవ్వొచ్చు. హిందీల ‘బధాయీ దో’ చూసినవా? అదే ఏడు వచ్చింది. మొగోళ్లను ఇష్టపడే పోలీసాయన, ఆడోళ్లను ఇష్టపడే పీటీ టీచరు, ఇంట్లోళ్ల పోరు పడలేక ఒకరినొకరు పెండ్లి చేసుకుంటరు. నవ్వంతా పెండ్లి పెండ్లి అని పానం తీసే చుట్టాల మీద. మన దగ్గర 2018ల ‘అ!’ సినిమాల నిత్యామీనన్, ఈషా రెబ్బ జంటను ఎంత మామూలుగ చూపెట్టిన్రు! కామెడీల మాత్రం మన పెద్ద హీరో ఒక్కరన్న అట్లాంటి పాత్ర చేయంగ నేను చూడలే.

మామ: సూరత్‌ల కూసొని సినిమావోళ్లకు చెప్తే వింటరా?

మేనకోడలు: సూరత్‌ల కూడ మనుషులున్నరు కదా. 2013 అక్టోబరుల గుజరాత్‌ల మొదటి ప్రైడ్ ర్యాలీ తీసింది ఈ ఊర్లనే. ఈ రాష్ట్రంలనే రాజ్‌పీప్లా ఉన్నది. ఆ సంస్థానం వారసుడు మానవేంద్రసింగ్ గోహిల్ 2006ల నేను గే అని లోకానికి చెప్పిండు. హిజ్రాలు కొలిచే బహుచర మాత గుడి కూడ ఈ రాష్ట్రంలనే ఉన్నది. దుకాణం తెరిస్తే, కొడుకు పుడితే హిజ్రాలను పిలిచి పైసలిచ్చి దీవెన తీసుకుంటరు ఈడి సేట్లు. దీవెన కావాలె, మనిషి వద్దు అంటే ఎట్ల? ఇంకో ముచ్చట. మన సినిమాలు హిందీ డబ్బింగుల యూట్యూబుల కుప్పలు కుప్పలు ఉన్నయి. మన పక్కింటి పిల్లలకు తెలుగు రాదు, కానీ బ్రహ్మానందం మొఖం ఎరుకే. తెలుగోళ్లంటే ఎట్లుంటరో వాళ్లకు చెప్పేది మన కామెడీనే.

ఈ చివరి మాట మామకు తగిలింది. బయటి రాష్ట్రంలో బతికే తెలుగువాడికి తన భాష పరువు ఎప్పుడూ మనసులో ఉంటుంది.

మామ: ఆ పిల్లగాని పేరు నాకు చెప్పకు. చెప్తే వాణ్ని చూసి జాలిపడత, అది వానికి ఇంకా కష్టం. పాత్ర తీసెయ్యను. పేరు పెడత. పని మస్తుగ వచ్చినోడు అని రాస్త. తెగిన పోగు అతికించుట్ల వానంత చేతివాటం కార్ఖానల ఎవనికి లేదు. జాబర్ దాక్కుంటడు, వాడు సాంచా మీద బట్ట తాకా దించి చూపిస్తడు. జాబర్ సిగ్గుపడి బయటికి రావాలె. నవ్వు రాకపోతే మాత్రం నీదే పూచీ.

మేనకోడలు: వస్తది. జాబర్ వేషం నువ్వే వెయ్యి.

మామ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కొత్త పాత్ర పిల్లల చేత ఎంతవరకు పలుకుతుందో ఆయనకు అనుమానంగానే ఉంది. ఆ అనుమానం న్యాయమైనదే. పేరున్న పాత్ర రాయడం పేరులేని పాత్ర రాయడం కంటే కష్టం. ఎవరి పక్షమని నన్నడిగితే మేనకోడలి పక్షమే. మామ దగ్గరున్న వేషకట్టు విద్య, సమయం చూసి మాట విసిరే నేర్పు లేకుండా ఆమె కోరుకునే హాస్యం పుట్టదన్నది కూడా నిజం.

సినిమాలకు, టీవీ షోలకు హాస్యం రాసే తెలుగు రచయితలకు నాదొక విన్నపం. మీ తర్వాతి స్క్రిప్టులో చీర కట్టిన మగవాడో, మగవాణ్ని ఇష్టపడే మగవాడో, ట్రాన్స్ మహిళో వస్తే, ముందు ఆ పాత్రకు ఒక పేరు పెట్టండి, చేతికి ఒక పని ఇవ్వండి, జోకుకు తిరిగి జవాబు చెప్పే డైలాగు కనీసం ఒక్కటి రాయండి. ఆ వేషం కట్టడానికి ట్రాన్స్ నటులను కూడా పిలవండి. వాళ్లు మన మధ్యే ఉన్నారు, పని కోసం చూస్తున్నారు.